పదిహేడు రేకుల పాఠం

పదకొండయింది. మా అమ్మాయి కాలేజీ ఆఫీసు గోడ మీది గడియారం అలా అంటోంది. నా చేతి గడియారం ప్రకారమైతే పదకొండూ రెండు, ఎందుకంటే దాన్ని నేనెప్పుడూ రెండు నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకుంటాను, బెల్లు కొట్టేసరికి క్లాసు గుమ్మంలో ఉండాలి కదా, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతూ ఇరవై ఏళ్ళలో అంటించుకున్న జబ్బు అది. ఏ గడియారం ప్రకారమైనా ఇంకో గంట. గంట గడిస్తే ఎదురుగా ఉన్న మూడంతస్తుల మేడలోంచి ఆడపిల్లలు బిలబిలమంటూ దిగుతారు, వాళ్ళలో మా ప్రసన్న కూడా దిగుతుంది, లెక్కల పేపరు రాసి దిగుతుందో, మళ్ళీ పేరూ నంబరూ మాత్రం వేసిన తెల్లకాగితం ఇచ్చేసి దిగుతుందో నాకు తెలియదు. మూడు శనివారాలుగా అదే పని. మొదటిసారి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారట, రెండోసారి పిలిచి తిట్టారట, మూడోసారి ప్రిన్సిపాల్ లోకనాథ్ గారు నాకు ఫోన్ చేశారు. “తెలియక కాదు మేడమ్, ఫస్టియర్‌లో మా సెక్షన్ ఫస్టు మీ పాపే. రాయనంటోంది, అంతే. శనివారం ప్రీ-ఫైనల్ ఉంది. అది కూడా ఖాళీగా ఇస్తే మీరు తీసుకెళ్ళి ఇంటి దగ్గర పెట్టుకోవడం మంచిదండి,” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది. దాన్ని అడిగితే ఒకటే మాట, “నాకు చదువు వద్దమ్మా.” పబ్లిక్ పరీక్షలు నెల రోజుల్లో పెట్టుకుని చదువు వద్దట. వంకాయ కూర వద్దన్నంత తేలిగ్గా అనేసింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఏసురాజు రిజిస్టరు నా ముందుకు తోశాడు. విద్యార్థిని పేరు, సెక్షన్, వచ్చినవారి పేరు, బంధుత్వం, వచ్చిన కారణం. సాయిప్రసన్న, జగదాంబ, తల్లి, అక్కడిదాకా చకచకా రాశాను. కారణం దగ్గర పెన్ను ఆగిపోయింది. ఏం రాయాలి? కూతురు రాస్తుందో లేదో చూడ్డానికి వచ్చానని రాయాలా? అలాగే వదిలేసి రిజిస్టరు వెనక్కిచ్చాను. అతను కళ్ళజోడు సర్దుకుని చూసి, “ఇది ఖాళీగా ఉంచకూడదండి మేడంగారూ, ఏదో ఒకటి రాసెయ్యండి, ఎవరూ చదవర్లెండి,” అన్నాడు. నేను మా బడిలో పిల్లలకి చెప్పే మాటే, ఖాళీగా ఉంచకండ్రా, ఏదో ఒకటి రాయండి, కనీసం లెక్కలో ఇచ్చిన దత్తాంశమైనా రాయండి, ఒక మార్కు వేస్తాను. ‘పరీక్ష’ అని రాసి ఇచ్చాను. అతను తృప్తిగా తలూపి, తల్లిదండ్రులు కూర్చునే షెడ్డు చూపించాడు. సిమెంటు బల్ల. ప్రహరీకి అవతల అరటితోట, దాని వెనక రావులపాలెం వైపు పోయే లారీల మోత. పక్కన స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. డబ్బా నాది కాదు, మా అమ్మది, మూత మీద సొట్ట, ఆ సొట్ట పెట్టింది నేనే, మూడో తరగతిలో.

పొద్దున మొదటి బస్సుకి రాజమండ్రిలో బయలుదేరాను. ధవళేశ్వరం బ్యారేజీ మీద మంచు ఇంకా విడలేదు, అటు నీళ్ళూ ఇటు ఇసుకా ఏదీ కనపడలేదు, అదీ మంచిదే అనిపించింది, నాకు ఏదీ చూడాలని లేదు. మా అమ్మ ఉండే ఆత్రేయపురంలో దిగాలని బయలుదేరినప్పుడు అనుకోలేదు. ఊరి పేరు రాసిన బోర్డు కనపడేసరికి లేచి నిలబడ్డాను, అంతే. అమ్మ వాకిట్లో కూర్చుని పూతరేకులు మడుస్తోంది. ఇప్పుడు పొయ్యి దగ్గర కూర్చోదు, వేడికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయని పక్కింటావిడ చేత రేకులు తీయించి తాను మడతలు మాత్రం పెడుతోంది, నెయ్యి రాసి, పంచదార పొడి జల్లి, మళ్ళీ రేకు, మళ్ళీ నెయ్యి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. “పిల్ల దగ్గరికా?” అంది. ఊఁ అన్నాను. తెల్లకాగితాల సంగతి చెప్పలేదు. “చదువుతోందా?” అంది. “చదువుతోందమ్మా.” “నీకు చదివి వినిపిస్తోందా?” నాకు నవ్వొచ్చింది, ఇంటర్ లెక్కలు చదివి వినిపించడమేంటమ్మా అన్నాను. అమ్మ చెయ్యి ఆపకుండానే, “మరి చదువుతోందని నీకెలా తెలుసే?” అంది. ఫోన్లో వస్తాయమ్మా మార్కులు, వారం వారం, సబ్జెక్టు వారీగా, క్లాసులో ఎన్నో స్థానమో కూడా వస్తుంది, అని ఫోన్ తీసి చూపించబోయి, చివరి మూడు వారాల దగ్గర సున్నాలుంటాయని గుర్తొచ్చి మళ్ళీ సంచిలో పెట్టేశాను. “మార్కులు సరేలే. నేను చదువు సంగతి అడుగుతున్నా,” అంది అమ్మ. తర్వాత డబ్బా నింపి ఇచ్చింది, “విరిగినవి కూడా పెట్టాను, పిల్లకి అవంటేనే ఇష్టం,” అంది. ప్రసన్నకి కాదు, నాకు ఇష్టం. ఈ మధ్య అమ్మ మా ఇద్దరినీ కలిపేసుకుంటోంది, నేను దిద్దలేదు.

మీకు రేకు తీసే గది తెలుసో తెలియదో. గాలి రాకూడదు. చిన్న గాలి వచ్చినా రేకు లేచిపోతుంది, నలిగిపోతుంది, అందుకని తలుపూ కిటికీ వేసేసి, లోపల పొయ్యి మీద బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. నానబెట్టి రుబ్బిన బియ్యం, నీళ్ళంత పలచగా కలిపి, అందులో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే చాలు, తెల్లగా రేకు ఆరిపోయి అంచు పైకి లేస్తుంది, దాన్ని రెండు వేళ్ళతో ఒలిచి పక్కన పెట్టాలి, మళ్ళీ గుడ్డ ముంచాలి. అమ్మకి పొద్దస్తమానం అదే పని. ఆ గదిలో ఒక మూల, పీట మీద నేను, ఒళ్ళో పుస్తకం. అమ్మకి అక్షరం ముక్క రాదు. నేను చదువుతున్నానో లేదో తెలుసుకోవడానికి ఆవిడకి ఉన్నది ఒకటే మార్గం, చెవులు. కాబట్టి మా ఇంట్లో చదవడమంటే పైకి చదవడమే. నోరు కదలకపోతే చదువు కాదు. పదో తరగతికొచ్చాక నేను మనసులో చదువుకుంటుంటే, “చదువుతున్నావా, కలలు కంటున్నావా?” అనేది, అది కూడా మెల్లిగా, ఎందుకంటే ఆ గదిలో గట్టిగా అరిస్తే రేకు నిలవదు. తలుచుకుంటే ఇప్పుడు తడుతోంది, అమ్మ నన్ను చదువు విషయంలో ఎప్పుడూ గట్టిగా తిట్టలేదు. బయట తిట్టింది, సొట్ట పెట్టినందుకు తిట్టింది, కాలవలో ఈతకి పోయినందుకు వీపు విమానం మోత మోగించింది. పుస్తకం ముందున్నప్పుడు మాత్రం లేదు. అది ఆవిడ మంచితనమో, రేకుల కోసం పడ్డ జాగ్రత్తో నేను ఎప్పటికీ తేల్చలేను.

నేను ఆగకుండా చదివితే అమ్మ చెయ్యి ఆగకుండా సాగేది. నేను తడబడి ఆగితే అమ్మ నావైపు తిరిగి చూసేది, ఆ చూసినంత సేపట్లో కుండ మీది రేకు మాడేది, లేకపోతే ఒలుస్తుంటే విరిగేది. విరిగింది అమ్మకానికి పనికిరాదు, దాని మీద చిటికెడు పంచదార వేసి నా నోట్లో పెట్టేది. అదీ సంగతి. ఈ రహస్యం కనిపెట్టాక కావాలనే తడబడేదాన్ని. కిరణజన్య సంయోగక్రియ అనే మాట దగ్గర కనీసం నాలుగు సార్లు ఆగవచ్చు, ఎవరికీ అనుమానం రాదు. కిరణ, జన్య, ఊఁ, సం, సంయో. నాలుగు ముక్కలు. అమ్మ అప్పుడేమీ అనేది కాదు. పొయ్యి ఆర్పేశాక, “ఇవాళ ముక్కలు బాగా తిన్నావులే, రేపు మళ్ళీ అదే చదువు, ఒక్క ముక్క కూడా రాకూడదు,” అనేది. అలా ప్రతి పాఠమూ ముక్కలతో ఒకసారీ ముక్కల్లేకుండా ఒకసారీ చదివాను, రెండోసారికి అది నాకు వచ్చేసి ఉండేది, వచ్చేసిందని నాకే తెలిసేది కాదు.

ఒకరోజు మాత్రం దొరికిపోయాను. ఏడో తరగతి సోషల్‌లో నదుల పాఠం. బయట వాకిట్లో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుకుంటున్నారు, గీతల మీద బిళ్ళ పడ్డ చప్పుడు తలుపు సందులోంచి వినపడుతోంది, నాకు కాళ్ళు ఆగడం లేదు. అమ్మకేం తెలుస్తుందిలే అని ఉపనదుల పేరా మొత్తం ఎగరగొట్టి, గొంతు ఎక్కడా తగ్గకుండా, చివరిదాకా చదివేసి పుస్తకం మూసేశాను. లేవబోతుంటే అమ్మ పక్కనున్న దొంతర వైపు చూసి, “ఉండవే,” అంది. వేలితో అంచులు లెక్కపెట్టింది. “ఈ పాఠానికి నిన్న పదిహేడు రేకులు వచ్చాయి. ఇవాళ పద్నాలుగే వచ్చాయి. మూడు రేకుల చదువు ఎక్కడ పోయిందే?” పుస్తకం తెరిచి, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అంటూ పోయిన మూడు రేకులూ చదివాను. అమ్మ గుడ్డ ముంచి సరిగ్గా మూడు రేకులు తీసింది, పదిహేడు అంది, ఇక పో అంది. తొక్కుడుబిళ్ళ అప్పటికి అయిపోయింది. మా బడిలో ఇన్‌స్పెక్షన్‌కి ఎంతమందో అధికారులు వచ్చారు, ఫైళ్ళు చూశారు, సంతకాలు పెట్టారు, అంత కచ్చితమైన తనిఖీ నేను మళ్ళీ చూడలేదు.

పదకొండున్నర. బెల్లు. బల్ల మీంచి లేచాను, ఎందుకంటే చివరి అరగంటలో వెళ్ళిపోదలచిన వాళ్ళని పంపించేస్తారు, మూడు శనివారాలూ ప్రసన్న ఈ బెల్లుకే లేచి వచ్చేసిందని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. మెట్ల వైపే చూస్తున్నాను. ఒక పిల్ల దిగింది, లావుపాటి జడ, ప్రసన్న కాదు. ఇంకో ఇద్దరు, నవ్వుకుంటూ. తర్వాత ఎవరూ లేరు. మెట్లు ఖాళీ. రాలేదు. రాస్తోందన్నమాట. లేదా బల్ల మీద తల పెట్టుకుని పడుకుందేమో, లేదా నేను వచ్చానని ఎవరో చెబితే దిగడానికి భయపడుతోందేమో. నా కూతురు నాకు భయపడి మూడో అంతస్తులో కూర్చుని ఉండవచ్చు అన్న ఆలోచన ఇంత మామూలుగా వచ్చిందేమిటి నాకు? మంచినీళ్ళ సీసా మూత తీశాను, తాగకుండానే మళ్ళీ పెట్టేశాను.

అమ్మ ఊరికే వినేది కాదు, అదొక ఇబ్బంది. అడిగేది. “తర్వాత ఏమైందే?” అనేది ప్రతిదానికీ. చరిత్ర పాఠానికి అడిగితే అర్థముంది. లెక్కల పుస్తకంలో సిద్ధాంతం చదివి, కాబట్టి ఆ రెండు కోణాలు సమానము అని నిరూపించబడినది, అని నేను ఊపిరి పీల్చుకుంటే, “సమానమని తేలింది సరే. తర్వాత ఏమైందే?” తర్వాత ఏమవుతుందమ్మా, అయిపోయింది. “అంత గొడవపడి సమానమని తేల్చి ఊరుకున్నారా?” ఒకసారి ఎవరో రాజు యుద్ధంలో చనిపోయాడు, కోట పోయింది, పాఠం అయిపోయింది. అమ్మ గుడ్డ గిన్నెలో వదిలేసి, “పాపం, ఆయన పెళ్ళాం ఏమైందే?” అంది. పుస్తకంలో లేదమ్మా. “లేకపోతే మాస్టార్ని అడుగు. అంత రాజుకి పెళ్ళాం ఉండదా?” మర్నాడు వెళ్ళి సోషల్ భీమరాజు మాస్టార్ని అడిగాను. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. ఎవరడగమన్నారు అన్నారు. మా అమ్మండీ. మీ అమ్మేం చేస్తారు? రేకులు తీస్తుందండీ. ఆయన, నాక్కూడా తెలీదమ్మా, వెతుకుదాం అన్నారు. నాక్కూడా తెలీదు అన్న మాట మాస్టారి నోట వినడం నాకదే మొదలు. లైబ్రరీ బీరువా తాళం తీయించి పుస్తకం ఇచ్చారు, ఆ బీరువాని అంతకుముందు తెరవగా నేను చూడలేదు. రాజు పెళ్ళాం ఏమైందో అందులోనూ లేదు. ఇంకో పుస్తకం, ఇంకో పుస్తకం, రాణి దొరకలేదు కానీ నేను మాత్రం ఆ బీరువా దగ్గర దొరికిపోయాను. చదువంటే ఇష్టం ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే నేను భీమరాజు మాస్టారి పేరు చెప్పుకుంటూ వచ్చాను, టీచర్స్ డే రోజున మైకులో కూడా. అమ్మ పేరు చెప్పాలని ఒక్కసారి కూడా తట్టలేదు.

పదో తరగతి తర్వాత మా నాన్న సత్తిరాజు, కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్ళేవాడు, మాట తక్కువ మనిషి, అమ్మతో, “ఇక చాల్లే, దాన్ని కూడా రేకులకి కూర్చోబెట్టుకో, నీకు చెయ్యి సాయం,” అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, తలుపు వేసి ఉంటే లోపల నేను చదువుతున్నానని వాకిట్లోనే చెప్పులు విడిచి గంటసేపు కూర్చునేవాడు, గాలొస్తుందని తలుపు తీసేవాడు కాదు. అమ్మ దానికి పెద్ద వాదనేమీ పెట్టలేదు. ఆడపిల్లలు చదువుకోవాలనీ, ఉద్యోగాలు చెయ్యాలనీ అనలేదు. “అది చదువుతుంటేనే నా చెయ్యి సాగుతుంది. మానేస్తే నాకు పని తోచదు,” అంది. అంతే. నాన్న అటూ ఇటూ చూసి సరేలే అన్నాడు. నేను రాజమండ్రిలో కాలేజీలో చేరాను, వారానికోసారి వచ్చేదాన్ని, వచ్చిన రోజున పీట వేసి ఉండేది.

ఇక నా సంగతి. నేను చదువుకున్న తల్లిని. ప్రసన్న ఎల్‌కేజీ నుంచి దాని ప్రతి నోట్సూ నా చేతుల మీదుగా వెళ్ళింది. గోడకి టైంటేబుల్ చార్టు నేను గీశాను, మూడు రంగుల్లో. పరీక్ష రోజున గేటు దగ్గర నిలబడి, అది బయటికి రాగానే దాని చేతిలోంచి ప్రశ్నపత్రం లాక్కుని, ఇది ఎంతొచ్చింది, ఇది ఎంతొచ్చింది, అయ్యో ఇది నిన్ననే చెప్పానుగా, అంటూ ఆటో ఎక్కేదాన్ని. పిల్ల నీళ్ళు తాగిందో లేదో చూసిన గుర్తు లేదు. మా ఆయన ఉదయ్‌భాస్కర్ ఇరిగేషన్ ఆఫీసులో క్లర్కు, “నువ్వు టీచరువి కదా, నువ్వే చూసుకో,” అని పేపరు చదువుకునేవాడు, నాకు అది గౌరవంగా ఉండేది. మా బడికి వచ్చే తల్లులకి నేను ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చాను! పొలం పని నుంచి సరాసరి వచ్చి, చేతులకి మట్టితో, గుమ్మం అవతలే నిలబడి, మాకేం తెలుసండీ, మీరే చెప్పండి అనేవాళ్ళు. మీరు పట్టించుకోకపోతే పిల్లలు ఎలా చదువుతారమ్మా, అనేదాన్ని. పోయిన నెల రూతు అని ఒకావిడ, తొమ్మిదో తరగతి పిల్ల తల్లి, “పట్టించుకుంటానండీ, రోజూ అడుగుతానండీ బళ్ళో ఏం చెప్పారని,” అంది. అడిగితే సరిపోదమ్మా అన్నాను నేను. ఎంత ధీమాగా అన్నాను. సోమవారం వెళ్ళగానే ఆవిడ కూతుర్ని పిలిచి, మీ అమ్మ అడిగితే ఏం చెబుతావే అని అడగాలి.

దసరా సెలవుల్లో జరిగింది చెప్పాలి, దాన్ని తప్పించుకుంటూ ఇంతసేపూ ఏవేవో తలుచుకుంటున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ప్రసన్న డైనింగ్ టేబులు దగ్గర ఒక లెక్క పట్టుకుంది, గంట నుంచి అదే, పెదాలు కదుపుతూ తనలో తను మాట్లాడుకుంటూ రెండు పేజీలు రాసింది. నేను గిన్నెలు సర్దుతూ భుజం మీంచి చూశాను. చుట్టుతిరుగుడు పద్ధతి. అసలు దారి మూడు వరసలు. నా చేతులు ఊరుకోలేదు. దాని వేళ్ళ మధ్యలోంచి పెన్సిల్ తీసుకున్నాను, అడగను కూడా లేదు, ఆ రెండు పేజీల మీద అడ్డంగా గీత కొట్టి, కింద మూడు వరసల్లో చేసి చూపించాను. “చూశావా, ఎంత తేలిగ్గా అయిపోయిందో! దీనికి గంటా?” అది ఆ గీత వైపు చూసింది. నా వైపు చూడలేదు. “అయితే నువ్వే రాయి,” అని లేచి వెళ్ళిపోయింది. పొగరు అనుకున్నాను. వెనకాలే గదిలోకి వెళ్ళి అరగంట క్లాసు పీకాను, క్రమశిక్షణ మీద, నేను ఎంత కష్టపడి చదువుకున్నానో దాని మీద, పొగలో కూర్చుని, కళ్ళు మండుతూ, అమ్మకి అక్షరం రాకపోయినా. అది గోడవైపు తిరిగి పడుకుంది. సెలవులయ్యాక హాస్టలుకి వెళ్ళింది. వెళ్ళాక కొన్నాళ్ళు మామూలుగానే రాసింది, మెల్లిగా మార్కులు తగ్గాయి, నేను ఫోన్లో తరుముతూనే ఉన్నాను, తర్వాత తెల్లకాగితాలు. అయితే నువ్వే రాయి. అది చెప్పిన మాటే చేస్తోంది, నాకు అర్థం కావడానికి మూడు సున్నాలు పట్టింది.

అమ్మ నా పుస్తకాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. ఒక్కసారి కూడా. ఎప్పుడూ తడి చేతులే, మోచేతుల దాకా పిండి, పుస్తకం కింద పడితే కూడా, “నువ్వే తీసుకోవే, నా చేతులు తడి,” అనేది. నా పెన్సిల్ నా చేతిలోనే ఉండేది. నా తప్పు నా దగ్గరే ఉండేది, నేనే దిద్దుకునేదాకా. అలాగని అక్షరం రాని తల్లే మంచి తల్లి అని నేను ఒప్పుకోను, అదేం న్యాయం, అమ్మ ఎన్నోసార్లు బస్సు బోర్డు చదవలేక ఎవరినో అడుగుతూ చిన్నబోయింది, ఆ ముఖం నేను చూశాను, చదువు రాకపోవడంలో గొప్పేమీ లేదు. నాకు చదువు వచ్చినందుకు సిగ్గుపడాలా? పడను. కానీ ఈ చేతులు. పొడిగా, శుభ్రంగా, ఎప్పుడూ ఖాళీగా, ఎప్పుడూ దాని పుస్తకం మీద. వీటిని ఏం చెయ్యాలి నేను? అది ఇంట్లో ఉన్న పదహారేళ్ళలో ఏ ఒక్క రోజైనా, చదివి వినిపించవే, నాకు వినాలనుంది, అన్నానా? వచ్చిందా అని అడిగాను. ఎంతొచ్చింది అని అడిగాను. తర్వాత ఏమైందే అని అడగలేదు, ఎందుకంటే తర్వాత ఏమవుతుందో నాకు ముందే తెలుసు. ఏడుపొచ్చింది. గేటు దగ్గర ఏసురాజు చూస్తున్నాడని పైట చెంగుతో ముఖం తుడుచుకున్నాను. ప్రసన్న తెల్లకాగితమే ఇచ్చి దిగితే ఇంటికి తీసుకుపోతాను, తిట్టను. అలా అనుకున్నాను కానీ, తిట్టనని నా మీద నాకే నమ్మకం లేదు.

పన్నెండుకి ఇంకా అయిదు నిమిషాలు. చేతులకి ఏదో పని కావాలి. అమ్మ డబ్బా మూత తీశాను. పైన విరిగిన ముక్కలు, కాగితంలో చుట్టి. ఒకటి నోట్లో పెట్టుకున్నాను, నాలుక మీద పడగానే కరిగిపోయి, నేతివాసన, దాని అడుగున ఎక్కడో కొబ్బరాకు పొగ. కింద వరసలోంచి ఇంకోటి తీయబోతే అది వేళ్ళ మధ్య విడిపోయింది, నెయ్యీ పంచదార పొడీ రెండు చేతులకీ అంటుకున్నాయి. తుడుచుకోవడానికి రుమాలు వెతుకుతుంటే బెల్లు కొట్టారు.

దిగుతున్నారు. నీలం చున్నీలు, అట్టలు, గోల. రెండో అంతస్తు వాళ్ళు, మొదటి అంతస్తు వాళ్ళు, అందరూ అయిపోయాక ప్రసన్న. చిక్కిపోయింది. నన్ను చూసి మెట్ల మీదే ఒక్క క్షణం ఆగి, మళ్ళీ దిగి, తిన్నగా షెడ్డులోకి వచ్చి, నేను అడగకముందే ప్రశ్నపత్రం నా ముఖం ముందుకు చాపింది. కళ్ళు అరటితోట వైపు ఉన్నాయి. నా చెయ్యి లేచింది. అలవాటు కదా, అదే లేచింది. సగం దూరం వెళ్ళాక నా వేళ్ళు నాకు కనిపించాయి.

“నా చేతులు ఇలా ఉన్నాయే, కాగితం పాడవుతుంది. నువ్వే చదువు.”

“ఏంటి?”

“ప్రశ్నలు. చదివి వినిపించు.”

“నీకు తెలిసినవేగా అమ్మా అన్నీ.”

“అయినా వినిపించవే. పొద్దున అమ్మమ్మ అడిగింది, నీకు చదివి వినిపిస్తోందా అని.”

అది నా వైపు అనుమానంగా చూసింది. ఇదేదో కొత్త రకం తనిఖీ అనుకుని ఉంటుంది, అనుకోవడంలో తప్పు లేదు. తర్వాత బల్ల మీద, నాకూ తనకీ మధ్య డబ్బా ఉండేటట్టు కూర్చుని, మొదటి ప్రశ్న చదివింది, గబగబా, విసుగ్గా. రెండోది చదివింది. రెండోదాని జవాబు నా నాలుక మీదకి వచ్చేసింది, పళ్ళు బిగబట్టాను. మూడోది. నాలుగోదానికి గొంతులో విసుగు తగ్గింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఎంత బాగుంది దీని గొంతు, కాస్త బొంగురు, అచ్చం మా నాన్న గొంతు, ఇన్నేళ్ళూ వినలేదు నేను. అయిదోది సగం చదివి ఆగిపోయింది.

ఎందుకాగావని అడగలేదు. కళ్ళు తెరిచాను. దాని కుడిచేతి మధ్యవేలి మీద నీలం సిరా మరక, పెన్ను గట్టిగా పట్టుకుని చాలాసేపు రాస్తే పడే చోట.

“ఇది...” అంది. “ఇది నా పద్ధతిలో చేశానమ్మా. రెండు పేజీలు పట్టింది. చివరికి రాలేదు. తర్వాతవి చెయ్యడానికి టైం చాల్లేదు.”

రాసింది. తెల్లకాగితం కాదు. నాలుగు లెక్కలు, దారి తప్పిన రెండు పేజీలు. డబ్బాలోంచి విరిగిన ముక్క తీసి దాని నోటికి అందించాను. ఎందుకు అన్నట్టు చూసింది. “ఆగావు కదా, అందుకు,” అన్నాను. అర్థం కాకపోయినా నోరు తెరిచింది.

“ఆ రెండు పేజీల్లో ఏం చేశావో మొదట్నుంచి చెప్పు,” అన్నాను.

అది ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి, పెన్ను తీసి, మొదట ఇలా అనుకున్నానమ్మా, అంటూ రాయడం మొదలుపెట్టింది. రెండో వరసలోనే తప్పు కనిపించింది నాకు. ఒక గుర్తు మారింది, అంతే, అక్కడి నుంచి అంతా పక్కదారే. నా జిడ్డు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదాంతో ఒకటి గట్టిగా పట్టుకున్నాను. ప్రసన్న మూడో వరస రాసి, పెన్ను పైకెత్తి, నేను ఎక్కడ గీత కొడతానోనని నా ముఖంలోకి చూసింది.

“తర్వాత ఏమైందే?” అన్నాను.